బూట్లకంటిన అడవి

ఆ కుటుంబంలో ఎవరూ ఎవరినీ ఆగిపొమ్మని చెప్పరు. ఆ అవసరం రాదు. "అమ్మ దగ్గర ఎవరో ఒకరు ఉండాలి కదా" అంటాడు పెద్దకొడుకు, ఎవరి మొహమూ చూడకుండా, గోడతో అన్నట్టు. అంతే, అందరి నోళ్ళూ మూతపడతాయి. చిన్నకొడుకు ఫోను తీసి అందులో ఏదో వెతుక్కుంటాడు. పెద్దకోడలు చేతిసంచి జిప్పు ఒకసారి తీసి, ఒకసారి వేసి, అది బాగానే పనిచేస్తోందని రూఢి చేసుకుంటుంది. ఎవరికీ తొందరుండదు. ఆ మౌనం ఎక్కడ తెగుతుందో అందరికీ తెలుసు. "నేనుంటాలెండి" అంటుంది చిన్నకోడలు. దాంతో అందరికీ ఊపిరాడుతుంది. "అయ్యో పాపం, నువ్వా? పోనీలే, రేపు వెళ్దువుగాని" అనే మాట కూడా వెంటనే వస్తుంది. ఆ రేపు మాత్రం రాదు.

ద్వీపంలో దిగిన మర్నాడు పొద్దున, అడవికి తీసుకెళ్ళే వ్యాను విడిది ముందు హారన్ కొడుతుంటే మళ్ళీ అదే తంతు నడిచింది. చిన్నకోడలు అప్పటికే కొత్త బూట్లు తొడుక్కుని, లేసులు బిగించుకుని, వాకిలి మెట్టు మీద నిలబడి ఉంది.

"అడవంతా బురదట. అమ్మకేమో మోకాళ్ళు" అన్నారు బావగారు వ్యాను చక్రంకేసి చూస్తూ. "ఎవరో ఒకరు ఉండాలి కదా."

ఫోను బయటికొచ్చింది. జిప్పు చప్పుడైంది. డ్రైవరు మళ్ళీ హారన్ కొట్టాడు.

"నేనుంటాలెండి" అంది చిన్నకోడలు. ఆ మాట తన నోట్లోంచి వచ్చాక విని తనకే ఒళ్ళు మండిపోయి, మెట్టు మీద చతికిలబడి లేసులు విప్పడం మొదలుపెట్టింది. గట్టిగా బిగించిన ముడి గోళ్ళకి ఓ పట్టాన దొరకలేదు.

ఆమె బళ్ళో భూగోళం చెబుతుంది. బావగారు ఆమెకి "పంతులమ్మ" అని పేరు పెట్టారు. అందులో మర్యాద పాలెంతో వెటకారం పాలెంతో ఆయనకే తెలియాలి. ఇంటిల్లిపాదికీ అదే అలవాటైంది. ఏటా ఆమె నల్లబల్ల మీద అగ్నిపర్వతాన్ని నిలువునా కోసి చూపిస్తుంది. కింద శిలాద్రవం, మధ్యలో గొట్టం, పైన బిలం. ఎర్ర సుద్ద అరిగి వేళ్ళు బల్లకి రాసుకునేదాకా రుద్దుతుంది. పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూస్తారు. "మీరు చూశారా టీచర్?" అని ఏటా ఎవడో ఒకడు అడుగుతాడు. ఈ సెలవులకి ఎక్కడికి వెళ్దామన్న మాట వచ్చినప్పుడు ఈ ద్వీపం పేరెత్తింది ఆమే. ఆ బిలం అంచున నిలబడి ఒక్కసారి లోపలికి చూడాలి, ఆమెకి కావలసింది అంతే. పేరెత్తిన మరుక్షణం నుంచి ఏర్పాట్లన్నీ బావగారివే అయ్యాయి.

వ్యాను వెళ్ళిపోయింది. విడిది వరండాలో రేకుల కప్పు మీద వాన మొదలైంది. రోడ్డుకి అవతల ఒక ఇల్లు, దాని వెనక అడవి అంచు పచ్చటి గోడలా ఉంది. దాని లోపలేముందో ఇక్కణ్ణుంచి తెలియదు. అత్తగారు కుర్చీలో శాలువా కప్పుకుని కూర్చుంది. పంతులమ్మ ఆవిడ పక్కన పీట లాక్కుని పండ్లు కోసింది, మందు వేయించింది, తడి తువ్వాళ్ళు పిండి వరండా తాడు మీద ఆరేసింది. వాన తెరిపిచ్చాక అత్తగారు కుర్చీ చేతుల మీద ఊతం పట్టి లేవబోయింది.

"ఏం కావాలత్తయ్యా? నేను తెస్తానుగా."

"ఏం లేదు. అలా రోడ్డు దాకా..."

"వద్దు వద్దు. తడి మీద జారితే ఎవరు సమాధానం చెప్పాలి?"

ఆవిడ మళ్ళీ కూర్చుంది. పంతులమ్మ గొంతులో అనుకున్నదానికంటే కరుకుదనం ఎక్కువే పలికింది. పలకనీ అనుకుంది. ఈ మోకాళ్ళే లేకపోతే ఈపాటికి తనూ ఆ చెట్ల కింద ఉండేది.

సాయంత్రం వాళ్ళు కేరింతలు కొడుతూ దిగారు. పెద్దకోడలు కాలికి జలగ పట్టిందట, ఆ కథ ఇద్దరు ముగ్గురు కలిసి చెప్పారు. అడవి గేటు దగ్గర గైడు అందరి బూట్లూ మందు నీళ్ళలో ముంచి బ్రష్షుతో రుద్దించిందట, బయటి మట్టితో చెట్లకి తెగులు వస్తుందని. "మన దగ్గర మనుషులకే దిక్కు లేదు, ఇక్కడ చెట్లకి ఎంత సేవో చూడు!" అని బావగారు విరగబడి నవ్వారు. పెద్దకోడలు ఫోనులో ఫొటోలు చూపించింది. ప్రతి ఫొటోలోనూ ఆవిడ మొహమే. అడవి కనబడుతుందేమోనని పంతులమ్మ ఆవిడ చెవి పక్కనుంచి, భుజం మీదనుంచి చూసింది. ఒకదాంట్లో పెద్ద ఫెర్న్ చెట్టు కొస దొరికింది. నిలువెత్తు ఫెర్న్. అలాంటివి ఉంటాయని ఆమె ఎన్నిసార్లు పాఠం చెప్పిందో.

"అక్కా, వెనక చెట్టుని తీయలేదా?"

"చెట్లదేముంది, ఎక్కడ చూసినా అవేగా!"

అందరూ స్నానాలకి పోయారు. బురద బూట్లు వరండాలో వరసగా మిగిలాయి. పొద్దున్నకి ఆరకపోతే ఎవరు ఆరబెట్టాలో ఎవరూ చెప్పలేదు. అది కూడా చెప్పనక్కర్లేని పనే. పంతులమ్మ బకెట్టుతో నీళ్ళు తెచ్చుకుని కూర్చుంది. అట్టల్లో ఇరుక్కున్న మట్టిని పుల్లతో పొడిచి తీసింది. ఇటిక రంగు మట్టి, అగ్నిపర్వతం రాయి నలిగి అయిన మట్టి. అందులో కుళ్ళిన ఆకు ముక్క, సన్నటి వేరు, ఏదో గింజ ఉన్నాయి. ఒక్కొక్క దాన్నీ వేలి మీద పెట్టుకుని చూసింది. మీరంతా అడవిలోకి వెళ్ళొచ్చారు, నాకేమో బూట్లకంటిన అడవి మిగిలింది అనుకునేసరికి అరికాలి మంట నెత్తికెక్కింది. పాత పేపరు ఉండలు చుట్టి ఒక్కో బూటులో కుక్కింది. బావగారి బూటులో కాస్త ఎక్కువే కుక్కింది. వరస చివర ఆమె బూట్లు ఉన్నాయి. వాటి అట్టల మీద అంగడి చీటీ ఇంకా ఊడలేదు.

తరవాతి రోజు నల్లరాతి మైదానం. ఎప్పుడో పొంగిన లావా సముద్రందాకా పారి గడ్డకట్టిన చోటు. ఈసారి మౌనం వచ్చేదాకా కూడా ఆగలేదు బావగారు.

"ఎండలో నల్లరాళ్ళు చూడ్డానికేముంది! నువ్వు రాకపోవడమే సుఖం పంతులమ్మా. అసలు చూడాల్సింది బిలం. దానికి వద్దువుగాని" అన్నారు.

"ఔను, బిలానికి తప్పకుండా వెళ్దాం" అన్నాడు మొగుడు. మొగుడు మెత్తటి మనిషి. మెత్తటివాళ్ళతో చిక్కేమిటంటే ఎటు నొక్కితే అటు ఒంగుతారు, ఇంట్లో నొక్కే చెయ్యేమో అన్నగారిది.

ఆ పూట అత్తగారు ఇంకోసారి లేవబోయింది. ఎదురింటి ముసలాయన కంచె దగ్గర మొక్కలకి గొప్పు తవ్వుకుంటుంటే చాలాసేపు అటే చూసింది. "పాపం ఒక్కడే ఉన్నట్టున్నాడు. భాష రాకపోతేనేం, మొక్క పేరు..." అంటూ చెప్పులు వెతుక్కుంది. "అత్తయ్యా, కూర్చోండి. మీకేదైనా అయితే అందరూ నన్నే అంటారు" అంది పంతులమ్మ. అత్తగారు కోడలి మొహంలోకి ఓసారి చూసి చెప్పులు వదిలేసింది. తరవాత ఇద్దరూ సాయంత్రందాకా ఎదురెదురుగా కూర్చుని ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. గడియారం ముల్లు కదలడం లేదనిపించింది పంతులమ్మకి. ఈవిడ హాయిగా కూర్చుని ఉంటే నా సెలవు కరిగిపోతోంది అనుకుంది.

ఆ సాయంత్రం బావగారు ఆమె చేతిలో నల్లరాయి ఒకటి పెట్టారు. చిల్లులు చిల్లులుగా, తేలిగ్గా ఉంది. "నీ బడి పిల్లలకి చూపించుకో. ఇంక వెళ్ళినట్టే లెక్క!"

"అక్కణ్ణుంచి రాళ్ళు తేకూడదని బోర్డు ఉండాలే బావగారూ?"

"ఉంది. ఒక్క రాయికేం కొంప మునుగుతుంది?"

ఆమె ఆ రాయిని తీసుకెళ్ళి రోడ్డు పక్క రాళ్ళలో పడేసింది. పడేశాక చేతులు కడుక్కుంది. రాయిచ్చి వెళ్ళినట్టే లెక్క అంటాడా!

బిలానికి వెళ్ళే రోజు అత్తగారిని కూడా వ్యాను ఎక్కించారు. కొండ సగం దాకా రోడ్డుంది, అక్కడ వ్యాన్లు ఆపుకునే చోటు, కూర్చోవడానికి పాక ఉన్నాయట. అక్కణ్ణుంచి పైకి నడక. దారి పొడుగునా పంతులమ్మ కిటికీ అద్దానికి నుదురు ఆనించే ఉంది. కింద దట్టమైన చెట్లు, ఇంకాస్త పైన మరుగుజ్జు చెట్లు, ఆపైన పొదలు, చివరికి బూడిద రంగు గులకరాళ్ళలో అక్కడొక మొక్క ఇక్కడొక మొక్క. గాలిలో గంధకం వాసన మొదలైంది. పెద్దకోడలు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుంది. పంతులమ్మ అద్దం దించి గుండె నిండా పీల్చింది.

పాక దగ్గర గైడు చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఎండకి కమిలిన మొహం, పొట్టి మనిషి. "మబ్బు దిగుతోంది. దిగిందంటే పైన చెయ్యి చాస్తే చెయ్యి కనబడదు, ఎవర్నీ ఎక్కనివ్వను. ఎవరెవరు వస్తున్నారో ఇప్పుడే చెప్పండి" అంది.

నిజంగానే శిఖరం మీద మబ్బు అంచు కిందికి జారుతోంది. బావగారు టోపీ సర్దుకున్నారు. పాకలో బల్ల మీద కూర్చోబెట్టిన తల్లి వైపు చూశారు. తరవాత గులకరాళ్ళ వైపు చూశారు.

"అమ్మ దగ్గర ఎవరో ఒకరు ఉండాలి కదా" అన్నారు.

పంతులమ్మకి చెవుల్లో హోరు పుట్టింది. నిన్న బిలానికి వద్దువుగాని అన్న నోరేనా ఇది! మొగుడు ఫోను తీశాడు. అక్కడ సిగ్నలు లేదు, అయినా చూస్తున్నాడు. జిప్పు చప్పుడైంది. ఎప్పటిలాగే మాట ఆమె గొంతులోకి వచ్చేసింది, నాలుక చివర నిలబడింది. ఆమె పళ్ళు బిగించింది.

ఎవరూ మాట్లాడలేదు. గైడు ఒకళ్ళ తరవాత ఒకళ్ళని చూసింది. జిప్పు ఇంకోసారి చప్పుడైంది. మొగుడు ఫోను జేబులో పెట్టి మళ్ళీ తీశాడు. బావగారు దగ్గారు. తరవాత కొంచెం గట్టిగా దగ్గారు. ఆ కుటుంబంలో ఎన్నడూ అంతసేపు మౌనం సాగలేదు. దాన్నేం చేసుకోవాలో ఎవరికీ తెలియలేదు. పంతులమ్మ తన బూట్ల ముక్కులకేసి చూస్తూ నిలబడింది. చచ్చినా అనను, అనుకుంది. మబ్బు ఇంకొంచెం దిగింది.

చివరికి మొగుడు ఆగలేకపోయాడు. "ఇదిగో... నువ్వు ఉండొచ్చు కదా" అన్నాడు.

ఇన్నేళ్ళలో ఆ మాట ఒకరు పైకి అనడం అదే మొదటిసారి. ఎవరూ ఉండమనలేదు కాబట్టి ఉండనని ఎవరితో అనాలో ఆమెకి ఇన్నాళ్ళూ తెలియలేదు. ఇప్పుడు మనిషి ఎదురుగా ఉన్నాడు, మాట పైకి వచ్చింది.

"ఉండను" అంది పంతులమ్మ.

పెద్దకోడలు జిప్పు వదిలేసింది.

"అదేమిటమ్మా, పెద్దావిడ..." అన్నారు బావగారు.

"పెద్దావిడ మీకు అమ్మ. మీరుండండి. లేదా ఆయనుంటారు. అక్క ఉంటుంది. ఎవరుంటారో మీరు మీరు తేల్చుకోండి. నేను వెళ్తున్నాను." కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏడుస్తున్నానని అనుకుంటారేమోనని ఇంకా కోపం వచ్చింది. గైడు వైపు తిరిగి, "నేనొకదాన్ని" అంది.

పాకలోంచి అత్తగారి గొంతు వినిపించింది. "ఒరేయ్, నేనేమన్నా పసిపిల్లనా? పొండి అందరూ. డ్రైవరున్నాడు, బల్ల ఉంది. ఎవరూ ఎత్తుకుపోరు."

దారి నిటారుగా ఉంది. వేసిన అడుగు సగం వెనక్కి జారిపోతోంది. పంతులమ్మ గైడు వెనకే నడిచింది, వెనక్కి తిరగలేదు. బావగారు ఆయాసపడుతూ ఆగుతున్నారని చప్పుడుని బట్టి తెలుస్తోంది. ఆగనీ అనుకుంది. ఉన్నట్టుండి ఎక్కడం అయిపోయింది. ఇంక ముందు నేల లేదు.

ఆమె బొమ్మలోలా ఎరుపన్నది ఎక్కడా లేదు. బూడిద రంగు గోడలు నిలువునా కిందికి దిగిపోయాయి. అడుగున పచ్చగా, పాలు కలిసినట్టున్న నీళ్ళు సలసలమంటున్నాయి. గోడల పగుళ్ళలో గంధకం పసుపుపచ్చగా పేరుకుంది, అక్కణ్ణుంచి ఆవిరి బుసకొడుతూ లేస్తోంది. కళ్ళు మండాయి. ఆమె వంగి అరచెయ్యి నేలకి ఆనించింది. వెచ్చగా ఉంది. లోపల ఎక్కడో సన్నగా అదురుతోంది కూడా. చెయ్యి తీయబుద్ధి కాలేదు. ఎంత బాగుంది, ఎంత భయంకరంగా ఉంది అని పైకే అంది. గైడు తల ఊపింది.

సంతోషం వస్తుందనుకుంది. వచ్చింది కూడా, కాసేపు. తరవాత చూస్తే కోపం ఎక్కడికీ పోలేదు. పైగా పెరిగింది. దీనికి ఎంత పట్టింది? పొద్దుటి కాఫీ అరిగేలోపు ఎక్కేసిన కొండ. ఇంత చిన్న దానికి ఇన్నేళ్ళు ఎన్ని వాకిళ్ళలో కూర్చుంది!

మొగుడు పక్కకి వచ్చి నిలబడ్డాడు. "చూశావుగా. ఇప్పుడు సంతోషమేనా?"

"నేనుంటాలెండి అన్నప్పుడల్లా, నాకు ఉండాలని ఉండే అంటున్నాననుకున్నారా మీరు?"

"నువ్వే అనేదానివి కదా మరి" అన్నాడు మొగుడు.

"అదేగా నా మంట" అంది ఆమె. అతనికి అర్థమైందో లేదో తెలియలేదు. మబ్బు వచ్చి బిలాన్ని కప్పేసింది, గైడు దిగమంది.

కిందికి వచ్చేసరికి పాకలో బల్ల ఖాళీగా ఉంది. శాలువా లేదు. వ్యాను లేదు.

బావగారి మొహం పాలిపోయింది. "అమ్మా!" అని కేకేశారు. మబ్బులో కేక ఎక్కువ దూరం పోలేదు. మొగుడు పాక చుట్టూ పరిగెత్తాడు. పెద్దకోడలు పంతులమ్మ వైపు తిరిగి, "ఒక్క పూట ఉంటే నీ సొమ్మేం పోయింది? చూడు ఏమైందో!" అంది. అన్నదమ్ములిద్దరూ కూడా అప్పుడే ఆమె వైపు చూశారు. తల్లిని వదిలి వెళ్ళింది అందరూను, కానీ మూడు జతల కళ్ళూ వచ్చి వాలింది ఒక్క మొహం మీదే. పంతులమ్మ తల దించుకోలేదు. "నన్నెందుకు చూస్తారు? నేను వెళ్ళినప్పుడు మీలో ఒక్కరైనా ఆగారా?" అని అరిచింది. ఆ అరుపుకి గైడు కూడా ఉలిక్కిపడింది.

అంతలో మబ్బులోంచి హెడ్‌లైట్లు కనిపించాయి. వ్యాను మెల్లగా మలుపు తిరిగి వచ్చి ఆగింది. ముందు సీట్లో, డ్రైవరు పక్కన, అత్తగారు కూర్చుని ఉంది. జుట్టంతా తడిసి నుదుటికి అంటుకుంది. మొహం ఎర్రగా కందింది.

"ఎక్కడికెళ్ళావమ్మా? ప్రాణాలు పోయాయి ఇక్కడ!" అన్నారు బావగారు.

"ఇక్కడే, కింద మలుపులో. నేలలోంచి పొగలొస్తున్నాయిరా! రోడ్డు పక్కనే. వచ్చేటప్పుడు చూశాను. సైగ చేస్తే ఈ అబ్బాయి తీసుకెళ్ళాడు. ఆ ఆవిరి మొహానికి పట్టించుకున్నాను, మోకాళ్ళకి కూడా. ఎంత హాయిగా ఉందనుకున్నారు."

"ఆ మోకాళ్ళతో ఒక్కదానివీ..."

"నా మోకాళ్ళ సంగతి నా మోకాళ్ళకి తెలుసు. అమ్మ దగ్గర ఎవరుండాలని మీలో మీరు తెగ ఇదైపోతారు. నీకెవరన్నా కావాలా అని అమ్మనడిగిన వెధవ ఒక్కడన్నా ఉన్నాడా?" ఆవిడ కొడుకులిద్దర్నీ దాటి కోడలి వైపు చూసింది. "నువ్వూ అంతే. పొద్దస్తమానం కాపలా! నేనేమన్నా దొంగనా? లేస్తే కూర్చోమంటావు. ఎదురింటాయనతో రెండు మొక్కల ముచ్చట్లు ఆడుకుందామంటే చెప్పులేసుకోనివ్వవు. నీ మొహం చూస్తే భయమేసి కూర్చునేదాన్ని. నేను కదిలితే నీకు మాటొస్తుందని."

పంతులమ్మ నిర్ఘాంతపోయింది. మరుక్షణం ఆ కోపమంతా తన్నుకొచ్చింది. "నేనక్కడ ఎవరికోసం కూర్చున్నానండీ? మీకోసం కాదూ? నేను అక్కర్లేదని ఒక్క మాట చెప్పొచ్చు కదా అత్తయ్యా!"

"నువ్వు చెప్పావా?" అంది అత్తగారు.

ఆవిడ కళ్ళలో కూడా పంతులమ్మకి తన కోపమే కనబడింది, దానికంటే చాలా పాతది.

"సరే సరే, ఎక్కండి, ఇంకా మబ్బు దిగుతుంది" అన్నారు బావగారు, తాను రోజూ కూర్చునే ముందు సీటు తలుపు పిడి పట్టుకుని. అత్తగారు కదల్లేదు. ఆయన కాసేపు నిలబడి, వెనక్కి వెళ్ళి సంచుల మధ్య కాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు. మొగుడు పక్కకి జరిగి పంతులమ్మకి చోటిచ్చాడు. ఆమె అతని పక్కన కాకుండా కిటికీ దగ్గర సీట్లో కూర్చుంది.

వ్యాను మలుపులు దిగుతుంటే అత్తగారు వెనక్కి తిరగకుండానే అడిగింది. "అమ్మాయ్, రేపు నువ్వెక్కడికెళ్తావు?"

ఆ కుటుంబంలో ఆ ప్రశ్న ఆమెని ఎవరూ అడిగి ఎరగరు. జవాబు కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. "అడవికి" అంది చివరికి, కోపం తగ్గని గొంతుతోనే. "నేనొక్కదాన్నే వెళ్తాను."

"వెళ్ళు" అంది అత్తగారు. "నేను నీతో రానులే. రేపు నాకు మొక్కల పనుంది."